అతని చేతులకు చెవులున్నాయి

నా జీవితంలో ఒక్క మనిషిని చూసి మాత్రం నేను కడుపు మండేలా కుళ్లుకున్నాను. అతను కార్ల సొట్టలు తీసే డెంటర్. రాయచోటి దగ్గరివాడు. నాకన్నా ఆరేళ్లు చిన్న. నన్ను ‘అన్నా’ అని పిలిచేవాడు. పైగా నాకు మంచి స్నేహితుడు. స్నేహితుడు కాకపోయుంటే అంత కుళ్లు పుట్టేది కాదేమో. పరాయివాడి గొప్ప మనకెందుకు నొప్పి?

మేమిద్దరం కలిసింది 2020లో, దుబాయ్‌లో, కరోనా రోజుల్లో. కంపెనీలు వేరైనా ఇద్దరికీ ఒకేసారి పాజిటివ్ వచ్చింది. ఊరి చివర ఒక బిల్డింగులో, ఒకే గదిలో, రెండు మంచాల మీద పధ్నాలుగు రోజులు ఉంచారు. పక్క మంచం మీంచి తెలుగు మాట వినబడేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. మాది జగిత్యాల వైపు. అతని తెలుగుకీ నా తెలుగుకీ పొంతన లేకపోయినా ఆ రెండు వారాలూ మేం ఆపకుండా మాట్లాడుకున్నాం. నాకు జ్వరం ఎక్కువైన మూడు రోజులూ అతనే నుదుటి మీద తడిగుడ్డ వేశాడు. ప్యాకెట్లలో వచ్చే చప్పిడి అన్నంలో తన దగ్గరున్న ఎర్రకారం కలిపి, “తినన్నా, నోరు చెడిపోయింటే కారమే మందు” అని ముద్దలు చేసి పెట్టాడు.

ఏమీ తోచనప్పుడు అతను గోడ మీద అరచెయ్యి పెట్టి మెల్లగా జరుపుతూ ఉండేవాడు. “ఈడ గోడ లోపలికి పోయింది చూడన్నా” అనేవాడు. నేను చూస్తే ఏమీ కనబడేది కాదు. చెయ్యి పెట్టినా ఏమీ తెలిసేది కాదు. అప్పుడు నవ్వొచ్చింది తప్ప ఇంకేమీ అనిపించలేదు.

గదిలోంచి బయటపడ్డాక ఎవరి పని వాళ్లది. అతని గ్యారేజీ, ఉండేదీ దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో. నేను అల్ ఖూజ్‌లో ఒక మార్బుల్ ఫ్యాక్టరీలో పాలిష్ పని చేసేవాణ్ని. వంటగట్లకీ మెట్లకీ కోసిన రాళ్ల అంచుల్ని చేతి మిషన్‌తో నున్నగా చెయ్యడం నా పని. నెలకోసారి కలుసుకునేవాళ్లం. ఫోన్లు మాత్రం రోజూ.

మా ఫ్యాక్టరీలో మిషన్లు బాగుచేసే చైనా పెద్దాయన ఒకాయన ఉండేవాడు. అరవై దాటిన మనిషి. కరోనాకి ఆయన దేశం దారులు మూసుకుంటే ఇంటికి పోలేక ఇక్కడే ఉండిపోయాడు. వర్క్‌షాపు పైన చిన్న గది ఆయనకిచ్చారు. రోజూ పొద్దున డ్యూటీకి ముందు, నిలబెట్టిన రాతి పలకల వెనక ఖాళీ జాగాలో నిలబడి, నీళ్లలో ఉన్నట్టు మెల్లగా చేతులు తిప్పేవాడు. “చాచా గాలికి పాలిష్ పెడుతుండు” అని మేం నవ్వుకునేవాళ్లం.

2021 చివర్లో, చలికాలంలో నా కుడి భుజం పట్టేసింది. మిషన్ అదురుతోందని ఫిర్యాదు చేశాను. పెద్దాయన వచ్చి మిషన్‌ని విప్పి చూశాడు, తిప్పి చూశాడు. తర్వాత నన్ను దాంతో ఒక అంచు పాలిష్ చెయ్యమని, పక్కన నిలబడి గమనించాడు.

“మకీనా జైన్. ఇంతా మాఫీ జైన్” అన్నాడు. మిషన్ బాగానే ఉంది, నువ్వే బాగా లేవు అని. ఆయనకి వచ్చిన అరబ్బీ అంతా సైట్లలో నేర్చిన ముక్కలే, నాదీ అంతే కాబట్టి మాకు బాగా కుదిరింది.

మిషన్ ఆపించి, తన మణికట్టు వెనకభాగాన్ని నా మణికట్టుకి ఆనించాడు. తోయమన్నాడు. నేను ఊళ్లో కబడ్డీ ఆడినవాణ్ని. పట్టు పడితే వదలడని మా మండలంలో పేరున్నవాణ్ని. ముసలాయనకి దెబ్బ తగులుతుందేమోనని సగం బలంతోనే తోశాను. ఆయన కదల్లేదు, అడ్డుకోలేదు. నడుం కాస్త తిరిగిందంతే. నేను తోసిన చోట ఆయన లేడు. రెండడుగులు ముందుకి తూలి నీళ్ల డ్రమ్ముకి కొట్టుకున్నాను. లేచి ఈసారి పూర్తి బలంతో తోశాను. ఈసారి డ్రమ్ము కూడా నాతో పాటు పడింది.

“మాఫీ ఖువ్వా” అన్నాడు ఆయన. బలం వద్దు. నా చేతిని తట్టి, చెవి చూపించి, “ఇస్మా” అన్నాడు. విను.

ఆ వారం నుంచే ఆయన నాకు ఉస్తాద్ అయ్యాడు.

శుక్రవారం సెలవు. మేముండే లేబర్ క్యాంపు నుంచి తొలి బస్సు పట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్లేవాణ్ని. ఇద్దరం ఎదురెదురుగా, ఒక కాలు ముందుకేసి నిలబడేవాళ్లం. మణికట్టుకి మణికట్టు ఆనించి మెల్లగా గుండ్రంగా తిప్పడం. ఆయన నా ఛాతీ వైపు తోస్తే నేను ఆపకూడదు, వెనక్కి పారిపోకూడదు. నడుం తిప్పి ఆ తోపుకి దారివ్వాలి. దారిచ్చాక నా వంతుగా నేను తొయ్యాలి. చెయ్యి చేతి నుంచి విడిపోకూడదు, గట్టిగా నొక్కకూడదు. ఎదుటివాడు తొయ్యబోతున్నాడని వాడు తోసేలోపే చర్మానికి తెలియాలి. చదరంగంలా బుర్రతో చేసేది కాదు, కుస్తీలా కండతో చేసేదీ కాదు. ఉస్తాద్ గంటల తరబడి “షువయ్య, షువయ్య” అంటూ ఉండేవాడు. నెమ్మదిగా, నెమ్మదిగా.

చెప్పొద్దూ, నాకు అది త్వరగా రాలేదు. పదిహేనేళ్లు రాయితో కొట్లాడిన చేతులు నావి. అయినా ఆ శుక్రవారాలు నాకు పండగలే. ఎనిమిదిమంది పడుకునే గదిలో నాదంటూ ఉన్నది ఒక మంచం, ఒక ట్రంకుపెట్టె. అలాంటిది, ఒక ఉస్తాద్‌కి నేను ఒక్కణ్నే శిష్యుణ్ని. ఆయన ఫ్లాస్కులోంచి టీ పోసి మొదటి కప్పు నాకిచ్చేవాడు. ఆ రోజుల్లో ఇంకా మాస్కులే. మనిషి మనిషికి చెయ్యివ్వడానికి జంకేవాడు. వారం మొత్తంలో ఇంకో మనిషి చర్మం నాకు తగిలేది ఆ రెండు గంటలే.

ఆరు నెలలు ఇలా గడిచాయి. కొంచెం పట్టు చిక్కిందని నాకు అనిపించింది. పట్టు చిక్కాక ఎవరికైనా చూపించాలనిపించింది. ఆ దురదే నా కొంప ముంచింది. డెంటర్‌కి ఫోన్ చేసి, “శుక్రవారం రా భాయ్, నీకొక తమాషా చూపిస్త” అన్నాను.

అతను జుమ్మా నమాజుకి వేసుకునే తెల్ల జుబ్బాతో పొద్దున్నే వచ్చాడు. నేనూ ఉస్తాదూ చేస్తుంటే నోరు తెరుచుకుని చూశాడు. నేను కాస్త ఎక్కువే ఒలకబోశాను. ఆపగానే, “నేనూ ఒకసారి చూడొచ్చునా అన్నా?” అన్నాడు.

“చూడు చూడు. పడతవ్, జాగ్రత్త” అన్నాను.

జుబ్బా చేతులు పైకి మడిచి ఉస్తాద్ ఎదుట నిలబడ్డాడు. మణికట్టు ఆనింది. ఎవరూ చెప్పకుండానే కళ్లు మూసుకున్నాడు. ఉస్తాద్ మామూలుగా నన్ను పడేసే మొదటి తోపు తోశాడు. అతని చెయ్యి ఆ తోపుతో పాటే వెళ్లింది. ఉస్తాద్ రెండో వైపు నుంచి వచ్చాడు. చెయ్యి అటూ వెళ్లింది. మూడోసారికి పడ్డాడనుకోండి. కానీ పడే ముందు ఉస్తాద్ ముఖం చూశాను. ఆరు నెలల్లో నన్ను చూసి ఆయన ముఖం ఒక్కసారి కూడా అలా వెలగలేదు.

“ఎట్ల చేసినవ్ భాయ్?” అని అడిగాను.

“ఏముందన్నా, డోర్ మీద సొట్ట ఎదుక్కున్నట్టే. యాడ మెత్తగుంది, యాడ ఉబ్బింది అని చెయ్యి పోతాంటే అదే తెలుస్తాది.”

ఉస్తాద్ అతని రెండు అరచేతులూ తిప్పి తిప్పి చూశాడు. తర్వాత నాతో తన ముక్కల భాషలో అన్నది నాకిప్పటికీ గుర్తుంది. అతని చేతులకు చెవులున్నాయి అన్నాడు. మొదటి కప్పు టీ ఆ రోజు అతనికి వెళ్లింది. అతిథి కదా అని సర్దిచెప్పుకున్నాను. తర్వాతి శుక్రవారం కూడా అతనికే వెళ్లింది.

అప్పటి నుంచి ముగ్గురం. పేరుకే ముగ్గురం. ఉస్తాద్ నాతో పావుగంట చేసి, “ఒంటరిగా తిప్పుతూ ఉండు” అని నన్ను పలకల దగ్గరికి పంపేవాడు. మిగతా గంటన్నర అతనితోనే. నేను గాల్లో చేతులు తిప్పుతూ, రాతి పలక నున్నటి ముఖంలో వాళ్లిద్దరి నీడల్ని చూసేవాణ్ని. ఒక చెయ్యితో మొదలుపెట్టి రెండు చేతులకి వెళ్లడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. అతనికి మూడు వారాలు.

కుళ్లు మనిషిని ఎంత కష్టపెడుతుందో, ఎంత కష్టపడేలా చేస్తుందో అప్పుడు తెలిసింది. క్యాంపులో మంచం కోడుకి మణికట్టు ఆనించి తిప్పేవాణ్ని. కంపెనీ బస్సులో ముందు సీటు కమ్మీకి ఆనించి తిప్పేవాణ్ని. పక్కవాళ్లు “ఏమాయెరా నీకు?” అని అడిగేవాళ్లు. అతనిలో తప్పులు వెతికాను. ఆలస్యంగా వస్తాడు. జుమ్మాకని తొందరగా పోతాడు. నేర్చుకున్నదాన్ని ఇంటికెళ్లి ఒక్కసారైనా తిప్పి చూడడు. నేను వారమంతా తిప్పేది అతనికి ఒక్క పూటలో వచ్చేది. ఇదేం న్యాయం అని రాత్రి పగలు మనసులో ఎవరితోనో తగువు పెట్టుకునేవాణ్ని.

ఉస్తాద్ అప్పుడప్పుడు మా ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టేవాడు. ఒకరోజు నేను అతన్ని వరసగా మూడుసార్లు వెనక్కి నెట్టాను. మూడోసారికి నాకు అర్థమైంది. అతను నన్ను గెలవనిస్తున్నాడు. నా తోపు వస్తోందని అతని చేతికి తెలుసు. తెలిసీ ఒక క్షణం ఆగి, దారివ్వకుండా వెనక్కి అడుగేస్తున్నాడు. నన్ను బాధపెట్టడం ఇష్టం లేక. ఓడిపోయినా ఇంత మండేది కాదు.

“సరిగ్గ చెయ్ భాయ్. నాకు బిచ్చమెయ్యకు” అన్నాను.

అతను చెయ్యి తియ్యలేదు. ఆనించే ఉంచి, గొంతు తగ్గించి, “నీ చెయ్యి కోపంగా ఉందన్నా. నా మింద ఏమైనా మనసులో పెట్టుకున్యావా?” అన్నాడు.

ఎండ అని చెప్పాను. జూలై నెల కాబట్టి ఆ అబద్ధం చెల్లిపోయింది. కానీ ఆ రోజు నుంచి నాకు భయం కూడా పట్టుకుంది. మొఖం దాచుకోవచ్చు, మాట దాచుకోవచ్చు. ఈ విద్యలో చెయ్యి దాచుకోవడానికి లేదు. వారం వారం వచ్చి నా కుళ్లుని అతని మణికట్టు మీద పెట్టి చూపించినట్టే ఉండేది.

ఆ ఏడాది, 2022 చివర్లో, మా కంపెనీ సెలవు శుక్రవారం నుంచి ఆదివారానికి మారింది. సర్కారు ఆఫీసుల్లో వారాంతం ముందే మారింది, మా దగ్గరికి ఆలస్యంగా వచ్చింది. ఉస్తాద్ నన్ను పిలిచి, ఇక నుంచి ఆదివారం అని చెప్పాడు. డెంటర్‌కి కూడా చెప్పమన్నాడు. ఆయన దగ్గర అతని నంబరు లేదు. వాళ్లిద్దరి మధ్యా మాట అటూ ఇటూ మోసేది ఎప్పుడూ నేనే.

ఫోన్ చేశాను. చెబుదామనే చేశాను. అతను ఎత్తి, “చెప్పన్నా, ఈ శుక్కురారం కొంచెం ముందుగా వస్తా, ఉస్తాద్ కొత్తది చూపిస్తా అన్నాడు గదా” అన్నాడు. ఆ కొత్తది నాకు చూపిస్తానని ఆయన అనలేదు.

“క్లాసు బంద్ భాయ్. ఉస్తాద్‌కు పానం బాగలేదు. ఎన్నాళ్లయితదో తెల్వదు. నేనే చెప్త” అన్నాను.

“అయ్యో, ఏమైందన్నా?”

“షుగరంట, బీపీ అంట. ఎవల్నీ రావద్దన్నడు.”

అబద్ధం చెప్పాలని ముందే అనుకున్నవాడికి కూడా అంత సులువుగా మాటలు రావు. నాకు వచ్చాయి. ఎలాగూ అతని గ్యారేజీకి ఆదివారం సెలవుండదు, చెప్పినా రాలేడు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆదివారం ఉస్తాద్ అడిగితే, “అతనికి తీరిక లేదంట, ఇక రాడంట” అన్నాను. ఉస్తాద్ తల ఊపి, ఫ్లాస్కు మూత తీశాడు. మొదటి కప్పు నాకిచ్చాడు.

నేను కోరుకున్నదంతా నాకు దక్కింది. రెండు గంటలూ నావే. అయినా ఉస్తాద్ మునుపటిలా లేడు. మధ్యమధ్యలో గేటు వైపు చూసేవాడు. ఎవరైనా వస్తున్న చప్పుడైతే ఆయన చెయ్యి నా చేతి మీదే ఉండేది గానీ వినడం మానేసేది. ఆ మాత్రం నాకూ తెలుస్తోంది, ఆయన నేర్పిన విద్యే కదా. మనిషిని రాకుండా చేశాను గానీ, ఆయన మనసులోంచి తీసెయ్యలేకపోయాను. లేనివాణ్ని చూసి కుళ్లుకోవడం ఉన్నవాణ్ని చూసి కుళ్లుకోవడం కన్నా ఘోరం. ఉన్నవాడైతే ఎప్పుడో ఒకసారి పడతాడు.

డెంటర్ మొదట్లో రోజూ ఫోన్ చేసి ఉస్తాద్ ఆరోగ్యం అడిగేవాడు. మూడు వారాల తర్వాత అడగడం మానేశాడు. ఆ తర్వాత ఫోన్లే తగ్గిపోయాయి. నాకది హాయిగా అనిపించింది. ఎందుకు మానేశాడని ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

2023 వేసవి మొదట్లో ఉస్తాద్ ఇంటికి పోవడం ఖాయమైంది. చైనా దారులు తెరుచుకున్నాయి, కంపెనీ టికెట్టు తీసింది. ఆ కబురు చెబుతూ ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, ఆఖరి ఆదివారానికి డెంటర్‌ని ఎలాగైనా తీసుకురమ్మన్నాడు. ఎంత తీరిక లేకపోయినా ఒక్క గంట చాలన్నాడు. ‘సదీక్’ అనే మాట వాడాడు. నీ స్నేహితుణ్ని తీసుకురా అని.

నాలుగు రోజులు తప్పించుకున్నాను. గురువారం సగం పూట సెలవు పెట్టి, రెండు బస్సులు మారి అతని గ్యారేజీకి వెళ్లాను.

అతను ఒక తెల్ల కారు పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. పల్చటి గుడ్డ ఒకటి అరచేతికి చుట్టుకుని, కళ్లు మూసుకుని డోర్ మీద జరుపుతున్నాడు. నన్ను చూసి లేచాడు. నవ్వాడు గానీ ఆ నవ్వు పూర్తిగా విచ్చుకోలేదు.

“ఏమన్నా, దోవ తప్పినావా?”

“ఉస్తాద్ పోతుండు భాయ్. వచ్చే వారమే. నిన్ను తీస్కరమ్మన్నడు.”

“నన్నా?” అన్నాడు. “నన్నెందుకన్నా? ఆయనకు నేను వొద్దు గదా.”

“ఎవరన్నరు?”

“ఎవరనాల? ఒంట్లో బాగలేదని నువ్వు చెప్తివి. మూడు వారాలు చూసి మనసు ఆగక నారింజకాయలు తీసుకుని వచ్చినా. గేటు కాడ వాచ్‌మెన్ ఉండాడు. ముసలాయనకేమి రోగం, గుర్రం మాదిరి ఉండాడు, ఆదివారం ఆదివారం మీ అన్నకి నేర్పిస్తాండాడు అన్నాడు. సరేలే, ఆయనకి నేను నచ్చలేదు, మొగం మింద చెప్పలేక నీతో అట్ల చెప్పించినాడు అనుకున్నా. నువ్వు గూడా నా మనసు కష్టపెట్టలేక అట్ల చెప్పినావు అనుకున్నా. ఆ కాయలు వాచ్‌మెన్‌కే ఇచ్చేసి వచ్చినా.”

నా అబద్ధం బయటపడ్డా కూడా అతనికి నా మీద అనుమానం రాలేదు. ఉస్తాద్‌ని అనుమానించాడు గానీ నన్ను కాదు. నా కోసం ఒక మంచి కారణం కూడా అతనే కల్పించి పెట్టాడు. ఆ మంచి కారణం వెనక దాక్కుని ఇంటికి తిరిగొచ్చే దారి నాకు తెరిచే ఉంది. ఒక క్షణం అటు చూశాను కూడా.

“ఆయన ఏమనలే భాయ్” అన్నాను. “రోజు మారితే నీకు చెప్పమన్నడు. నేనే చెప్పలే. రోగమని నీకు చెప్పింది నేను. తీరిక లేదంటున్నడని ఆయనకు చెప్పింది నేను.”

అతనికి అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. పక్క కారు కింద ఎవరో సుత్తితో కొడుతున్నారు.

“ఎందుకన్నా?”

“నీకు జల్ది వచ్చింది. నాకు రాలే.”

అతను చేతికి చుట్టుకున్న గుడ్డ విప్పి మడత పెట్టాడు. మళ్లీ విప్పాడు. “నేను మా గ్యారేజీ ముదీర్ కాళ్లు పట్టుకునైనా ఆదివారం మార్చుకుంటా ఉంటి గదన్నా” అన్నాడు. “ఇన్ని నెల్లు ఆయనకి నేనేం తప్పు చేస్తినో అని తలకాయ బద్దలు కొట్టుకుంటి. ఆ జబ్బు దినాల్లో నువ్వు తినింది నా చేతి ముద్ద గదా?”

నేను ఒకడుగు ముందుకేశాను.

“నువ్వు పోన్నా ఇప్పుడు. పనుంది” అని కారు వైపు తిరిగాడు. నేను బస్టాపు దాకా వెళ్లి వెనక్కి చూస్తే, డోర్ మీద చెయ్యి పెట్టి నిలబడే ఉన్నాడు. చెయ్యి జరగడం లేదు.

ఆదివారం వస్తాడనుకోలేదు. వచ్చాడు. నన్ను పలకరించకుండా నా ముందు నుంచే నడిచి ఉస్తాద్ దగ్గరికి వెళ్లాడు. ఉస్తాద్ అతని రెండు చేతులూ పట్టుకుని ఊపుతూ ఉండిపోయాడు. తర్వాత ఇద్దరూ మొదలుపెట్టారు. నెలల తరబడి చెయ్యి తగలకపోయినా అతను ఏమీ మర్చిపోలేదు. గంటసేపు ఒకరి చేతుల్ని ఒకరు వింటూ తిరిగారు. చుట్టూ పలకల మీద ఎండ పాకుతోంది. తప్పు ఒప్పుకున్నాను కదా, మనసు కడిగేసినట్టుండాలి. అబద్ధమెందుకు, కడుపులో అదే మంట. ఎంత బాగా చేస్తున్నాడు, ఎందుకంత బాగా చేస్తున్నాడు అని.

చివరికి ఉస్తాద్ నన్ను పిలిచి అతని ఎదుట నిలబెట్టాడు. మా మధ్య జరిగింది ఆయనకి నేను చెప్పలేదు. అతనూ చెప్పలేదు. మణికట్లు ఆనాయి. ఒక చుట్టు, రెండు చుట్లు. అతని చెయ్యి ఎప్పటిలాగే మెత్తగా ఉంది. మూడో చుట్టులో ఆ మెత్తదనం పోయింది. అది నాకు ముందే తెలిసింది. తెలిసినా దారివ్వలేదు. అతను రెండు అరచేతులూ నా ఛాతీ మీద పెట్టి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తోశాడు. నేను వెళ్లి మిషన్ల నుంచి వచ్చిన రాతి బురద కుప్పలో వెల్లకిలా పడ్డాను.

“లా! లా! మాఫీ ఖువ్వా!” అని ఉస్తాద్ అతని మీద అరిచాడు. బలం వద్దని అతన్ని కోప్పడటం నేను మొదటిసారి వినడం. తెల్లటి బురదలో పడున్న నాకు, నవ్వకండి, ఆ మాట విని సంతోషం వేసింది.

డెంటర్ తల దించుకుని ఉస్తాద్‌కి ఏదో చెప్పాడు. టోపీ తీసుకుని వెళ్లిపోయాడు. ఉస్తాద్ నన్ను లేపి, పైపు తెచ్చి నా వీపు మీద నీళ్లు కొట్టాడు. ఏం జరిగిందని అడగలేదు. మంగళవారం విమానమెక్కాడు.

ఆ తర్వాత ఐదారు నెలలు నేను మంచం కోడుతో చేశాను. కోడు తోయదు, కోడుకి దారివ్వనవసరం లేదు. నాకు వచ్చిందల్లా మెల్లగా చేతుల్లోంచి జారిపోతోందని తెలుస్తూనే ఉంది. మా క్యాంపులో ఒకరిద్దరికి నేర్పుదామని చూశాను. పది నిమిషాలకి నవ్వేసి పోయారు.

ఒకరోజు డ్యూటీలో ఉండగా ఫోన్ మోగింది. డెంటర్.

“అన్నా, చేతులు మర్చిపోతా ఉండాయి. ఇది ఒక చెయ్యితో అయ్యే పని కాదు. ఈడ ఇది తెలిసినోడు నువ్వు దప్ప ఇంకోడు లేడు” అన్నాడు. కొంచెం ఆగి, “క్షమించినా అని గాదు” అని కూడా అన్నాడు.

“సరే భాయ్, ఏడికి రమ్మంటవ్?” అన్నాను.

అతను గ్యారేజీలో ఆదివారం ఒక పూట సెలవు అడిగి తీసుకున్నాడు. ఇద్దరికీ మధ్యలో పడే ఒక పార్కులో కలవడం మొదలుపెట్టాం. మొదటి రెండు నెలలు చేతులు తప్ప మేం మాట్లాడుకోలేదు. తర్వాత టీ తాగడం, తర్వాత ఇంటి కబుర్లు, అలా వచ్చాయి. ఇప్పుడు అతను నన్ను గెలవనివ్వడు. ప్రతిసారీ పడేస్తాడు. పడేసి చెయ్యందిస్తాడు.

నిరుడు మాకు ఇంకో నలుగురు తోడయ్యారు. ఒక నేపాలీ సెక్యూరిటీ గార్డు, ఇద్దరు కేరళ ఎలక్ట్రీషియన్లు, నిజామాబాద్ నుంచి వచ్చిన ఒక మేస్త్రీ. అందరూ అతన్నే ఉస్తాద్ అంటారు. నన్ను భాయ్ అంటారు. మొన్న అతను రెండు నెలల సెలవు మీద ఊరికెళ్లాడు. ఆ రెండు నెలలూ పార్కులో నేనే నేర్పాను. ఎంత సుఖంగా ఉందో చెప్పలేను. నలుగురిలో ఒకణ్ని పడేసి, “షువయ్య, షువయ్య” అంటుంటే ఛాతీ ఉప్పొంగింది. ఆఖరి వారం మేస్త్రీ అడిగాడు, “భాయ్, ఉస్తాద్ ఎప్పుడొస్తడు?” అని.

ఎప్పుడొస్తాడో నాకు తెలుసు. అతన్ని తీసుకురావడానికి ఎయిర్‌పోర్టుకి వెళ్లాల్సింది నేనే.

“శుక్రవారం పొద్దున దిగుతడు” అన్నాను. “ఆదివారం ఇక్కడనే ఉంటడు.”

మామూలుగా ఒక్కొక్కడే కళ్లు నులుముకుంటూ ఎండెక్కాక వచ్చే ఆ నలుగురూ ఆ ఆదివారం నాకంటే ముందే వచ్చి గడ్డి మీద కూర్చుని ఉన్నారు. మేస్త్రీ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు.